గజపతి లేని ఏనుగుల ఆట: ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అనుబంధంలో కొత్త అంగాలు, బలాబలాల తూకం

పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులి గెంతి మేకను తింటుంది. మేకలు గుమిగూడి పులికి కదలిక లేకుండా కట్టేస్తాయి. ఇరుపక్షాల కాయల సంఖ్య ఒకటి కాదు, నడక ఒకటి కాదు, గెలుపుకు అర్థమూ ఒకటి కాదు. అయినా దీనిని అన్యాయమైన ఆట అని ఎవరూ అనరు. గుడి మండపాల రాతిపరుపుల మీద, ఇళ్ళ అరుగుల మీద గళ్ళు గీసుకొని తరతరాలుగా ఆడుకొన్న ఈ ఆటలో తెలుగువారికి బాగా పరిచయమైన సూత్రం ఒకటుంది. భిన్నమైన బలాలు ఒకదానినొకటి నిలువరించగలిగితే చాలు, అవి సమానం కానక్కరలేదు. నేటి కంప్యూటర్ వ్యూహక్రీడల గురించి ‘బ్యాలెన్స్’ అన్న మాటతో జరిగే చర్చ అంతా ఈ సూత్రం చుట్టూనే తిరుగుతుంది. ఈ వ్యాసంలో దానికి తూకం అన్న మాటనే వాడడమైనది.

పరిశీలనకు తీసుకొన్న ఆట ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ పరంపరలో రెండవది. 1999లో ఎన్సెంబుల్ స్టూడియోస్ దానిని రూపొందించగా మైక్రోసాఫ్ట్ ప్రచురించింది. ఆటగాడు మధ్యయుగాల నాటి ఒక నాగరికతను ఎంచుకొని, గ్రామీణులతో ఆహారం, కలప, బంగారం, రాయి కూడబెట్టి, నాలుగు యుగాల మెట్లు ఎక్కుతూ సైన్యాన్ని కూర్చి ఎదుటివారిని జయించాలి. మొదట్లో ఇందులో భారతదేశం లేదు. 2013లో వచ్చిన ‘ది ఫర్‌గాటెన్’ అనుబంధంలో ‘ఇండియన్స్’ అన్న ఒక్క పేరు కింద ఉపఖండం మొత్తాన్ని చేర్చారు. 2022 ఏప్రిల్ 28న వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ ఆ ఒక్క పేరును తీసివేసింది. పాత నాగరికత ‘హిందుస్థానీలు’గా మారింది. ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు కొత్తగా చేరారు. ఆటలోని నాగరికతల సంఖ్య 42 అయింది.

ఇటువంటి వస్తువు తెలుగు విమర్శ పరిధిలోకి వస్తుందా అన్న శంక సహజం. ఒక నాగరికతకు పేరు పెట్టడం, దాని మనుషుల చేత ఒక భాష పలికించడం, ఫలానా ఆయుధం దాని సొంతమని చెప్పడం చరిత్రను గురించి చేసే ప్రతిపాదనలు. శాసనాన్నీ, వంశచరిత్రనూ, వీరగాథనూ చదివిన పద్ధతిలోనే వీటినీ చదవవచ్చు. పైగా పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని విద్యార్థి ఒకసారి చదివి మరచిపోతాడు. ఆటలోని వాక్యాన్ని వందలసార్లు తన చేతులతో నడిపిస్తాడు.

ఈ పరిశీలనకు శ్రీకాకుళం, విజయనగరం సీమను తావుగా తీసుకోవడానికి కారణం ఉంది. కొత్త విభజన అతుకు సరిగ్గా ఈ నేల మీద పడింది.

ఏనుగు వచ్చిన తీరు

ముందుగా ఒప్పుకోవలసిన గుణం ఒకటుంది. ఆటకు ఏనుగు కొత్త కాదు. 2016 నాటి ‘రైజ్ ఆఫ్ ది రాజాస్’ ఆగ్నేయాసియా రాజ్యాలతోపాటు యుద్ధగజాలను తెచ్చింది. పాత ‘ఇండియన్స్’కు ఏనుగు మీది విలుకాడు కోటలో మాత్రమే తయారయ్యే విశేష యోధుడు. అందువల్ల ఆటలో ఎప్పుడో గాని కనిపించని అలంకారంగా ఉండిపోయాడు. కొత్త అనుబంధం అతనిని కోటలోనుంచి తీసి విలుకాండ్ర శాలలో సాధారణ బలగంగా పెట్టింది. ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు ముగ్గురికీ అతడు దొరుకుతాడు. ఉపఖండపు నాగరికతలు నాలుగింటికీ గోడలు కూల్చే పొట్టేలు యంత్రం స్థానంలో కవచం తొడిగిన ఏనుగు వచ్చింది. ఐరోపా తరహా నైట్లు నలుగురిలో ఎవరికీ లేరు.

ఈ మార్పుకు చరిత్ర, ఆట రెండూ సాక్ష్యం పలుకుతాయి. కోట తలుపులకు ఇనుప మేకులు దిగగొట్టింది ఏనుగుల తాకిడిని ఆపడానికే. ఆటలో ఈ కవచగజం బాణాలకు చలించదు, బల్లెగాళ్ళకు మాత్రం లోకువ. పొట్టేలు యంత్రానికి అలవాటుపడిన ఆటగాడు ముట్టడిని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఒక్క బలగం మార్పు ముట్టడి వ్యాకరణాన్నంతా మార్చింది. అనుబంధంలో చేర్చిన అన్ని అంగాలలో మేలైనది ఇదే.

అన్ని చేర్పులూ ఈ స్థాయిలో లేవు. ఘూర్జరుల చక్రం విసిరే యోధుడు, బాణాలను తప్పించుకొనే ‘శ్రీవంశ’ రౌతు ఆటకు మంచి చురుకునిచ్చినా, రెండవవాడి పేరు చరిత్రకన్నా అలంకారానికే దగ్గర. ఘూర్జరుల బలం మితిమీరిందని విడుదలైన తొలిరోజుల్లోనే ఆటగాళ్ళు ఫిర్యాదు చేశారు. తరువాతి సవరణలు దానిని తగ్గించాయి. ఇలా సవరించడం ఈ రకం ఆటలకు మామూలే. ఒక బలగం ధర కొంచెం పెంచితే, వేగం కొంచెం తగ్గిస్తే తూకం కుదురుతుంది. పేరులో జరిగిన పొరపాటు మాత్రం అంకె మార్చినంత సులువుగా కుదరదు.

‘ద్రావిడులు’ అన్న మాట

ద్రావిడ నాగరికత విశేషాలు చూస్తే రూపకర్తల మనసులోని చిత్రం తెలుస్తుంది. జాలర్లు, చేపల పడవలు అదనంగా 15 పాళ్ళ ఆహారం మోస్తాయి. ప్రతి యుగం మెట్టు దగ్గర 200 కలప ఉచితంగా వస్తుంది. పదాతి శాలలోని పరిశోధనలకు సగం ఖర్చే. విశేష బలగాలు రెండు: మెత్తని పొడవాటి కత్తిని తిప్పే ‘ఉరుమి’ యోధుడు, ‘తిరిసదై’ అనే పెద్ద యుద్ధనౌక. ఒంటెలు లేవు, అశ్వబలం పలుచన. మనుషులు మాట్లాడేది తమిళం. కథానాయకుడు రాజేంద్ర చోళుడు. ఉరుమి కేరళది, నౌక చోళులది. అంటే ఇది సముద్రతీరపు తమిళ, కేరళ చిత్రం. దానికి పెట్టిన పేరు మాత్రం ఒక భాషాకుటుంబం మొత్తానిది.

ఆ పేరు పుట్టుక తెలుగు పరిశోధకులకు తెలియనిది కాదు. దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలు కావని, వాటి మూలం వేరని ఎల్లిస్ 1816లో వాదించింది కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో. అందులో ప్రధాన సాక్షి తెలుగే. 1856లో కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ‘ద్రావిడ’ అన్న పేరును స్థిరపరచాడు. తెలుగు సాక్ష్యంతో మొదలైన భావన రెండు శతాబ్దాల తరువాత తెలుగు మాట వినిపించని నాగరికతకు పేరైంది. సంప్రదాయంలోని పంచద్రావిడ విభాగాన్ని తీసుకొన్నా ఇబ్బంది తీరదు. ఆ లెక్కలో తైలంగులతోపాటు ఘూర్జరులూ ద్రావిడులే. ఉత్కళులు, గౌడులు పంచగౌడులు. ఈ అనుబంధం వేరువేరుగా నిలిపిన ఇద్దరిని ఆ పాత విభాగం ఒకచోట చేర్చింది. ఉత్కళ, తైలంగాల మధ్య సరిహద్దు గీతను మాత్రం అదీ ఇంచుమించు ఈ ఉత్తర సీమలోనే గీసింది.

తెలుగు పూర్తిగా లేదనడం కూడా నిజం కాదు. ద్రావిడుల ఉన్నత పరిశోధనలలో ‘వూట్జ్ స్టీల్’ ఒకటి. దానిని సాధిస్తే పదాతుల, రౌతుల దెబ్బకు ఎదుటి కవచం అడ్డురాదు. వూట్జ్ అన్నది 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ఐరోపాలో స్థిరపడిన రూపం. దాని వెనుక ఉన్నది కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. కాబట్టి ద్రావిడుల చేతిలోని అత్యంత పదునైన విశేషం సముద్రతీరానిది కాదు, లోనాటి కొలుములది. పేరు వికృతి చెందినందువల్ల ఆడేవాడికి ఆ సంగతి తెలియదు. ‘విశాఖ ఉక్కు’ అని రోజూ పలికే యువకుడు కూడా ‘వూట్జ్’ను పరాయి మాటగానే చదువుకొంటాడు.

పేరు పెట్టడంలోని ఈ లోపం ఆటలోనూ బయటపడుతుంది. నీరున్న పటాల మీద ద్రావిడులు గట్టి పోటీదారులు. నీరు లేని మైదానంలో చేపల విశేషం, నౌకల విశేషం రెండూ వ్యర్థమై, మిగిలిన పదాతులు, ఏనుగులు వేగమైన రౌతుల ముందు వెనుకబడతాయి. మైదానంలో వీరు బలహీనులన్నది ఆటగాళ్ళు తరచూ అనే మాట. చెరువుల మీద ఆధారపడి లోనాట పెరిగిన కాకతీయుల వంటి రాజ్యాలను కూడా ఈ పేరు కింద చేర్చదలచినప్పుడు, విశేషాలలో లోనాటి వ్యవసాయానికి ఒక్కటైనా చోటివ్వవలసింది. తీరానికి తగిన విశేషాలిచ్చి ద్వీపకల్పానికి తగిన పేరు పెట్టినందువల్ల చరిత్రకు జరిగిన లోటు, తూకానికి జరిగిన లోటు ఒకటే అయ్యాయి.

మూడు సింహాసనాల లెక్క

దీనికన్నా ఆటకు నప్పే విభజన తెలుగు వాఙ్మయంలోనే ఉంది. విజయనగర రాజకీయాన్ని చెప్పే ‘రాయవాచకము’లో కనిపించేవి మూడు సింహాసనాలు: అశ్వపతి, గజపతి, నరపతి. గుర్రాల దొర ఉత్తరాన, ఏనుగుల దొర కటకంలో, మనుషుల దొర విజయనగరంలో. ఈ మూడూ జాతుల పేర్లు కావు, భాషల పేర్లు కావు. ఒక్కొక్క ప్రభువు ఏ అంగంలో బలవంతుడో ఆ అంగమే అతని బిరుదు. చతురంగ బలంలోని అంగాలను పంచి రాజ్యాలను గుర్తుపట్టే ఈ పద్ధతి పులిజూదం తూకానికి దగ్గర బంధువు. ముగ్గురూ సమానులు కారు. ఒకరికి లేనిది మరొకరికి ఉంది, అందుకే ముగ్గురూ నిలిచారు.

వ్యూహక్రీడ లోపలి నిర్మాణం కూడా ఇదే. ఎవరికి గుర్రం ఉంది, ఎవరికి ఏనుగు ఉంది, ఎవరి పదాతి చవక అన్న ప్రశ్నలకు సమాధానమే ఒక నాగరికత. అనుబంధ రూపకర్తలు లోపల అశ్వపతి, గజపతి, నరపతి పద్ధతిలోనే పనిచేశారు. పై పేర్లకు మాత్రం పందొమ్మిదవ శతాబ్దపు జాతి, భాషా విభజనను అరువు తెచ్చుకొన్నారు. ఫలితంగా ఏనుగును ఇంత ఘనంగా నిలిపిన కూర్పులో గజపతికే పీఠం దక్కలేదు.

గజపతి పీఠం ఎంత పాతదో గుర్తుచేసుకోవాలి. ఏనుగులలో కళింగ, అంగ దేశాలవి శ్రేష్ఠమని అర్థశాస్త్రం చెప్పింది. కళింగరాజు వద్ద 60,000 పదాతులు, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆటకు సంబంధించిన యుగం అది కాదు, ఆ అంకెలు కచ్చితమని నమ్మనక్కరా లేదు. ఆ నిష్పత్తి మాత్రం ఆలోచింపజేస్తుంది. పదాతి దట్టం, గుర్రం పలుచన, గుర్రాలకు దరిదాపుగా ఏనుగులు. ద్రావిడ నాగరికతకు ఆటలో ఇచ్చిన సైన్యం తీరు కూడా ఇంచుమించు ఇదే. చోళ చిత్రం అనుకొని గీసిన బొమ్మలో కళింగ సైన్యం పోలికలు వచ్చాయి. రూపకర్తలు ఉద్దేశించిందో, కాకతాళీయమో గాని, ఉత్తరాంధ్ర పాఠకుడి కన్ను అక్కడ ఆగకుండా ఉండదు.

ఇద్దరు నాయకుల దారిలో

అనుబంధంతో వచ్చిన కొత్త దండయాత్ర కథలు మూడు: బాబరు, రాజేంద్రుడు, దేవపాలుడు. చివరి ఇద్దరికీ ఈ ప్రాంతంతో సంబంధం ఉంది. పాల రాజు దేవపాలుడు ఉత్కళులను నిర్మూలించాడని బాదాల్ స్తంభ ప్రశస్తి చెబుతుంది. రాజేంద్రుడి గంగాయాత్ర జయాలలో ఒడ్డవిషయం ఉన్నట్లు తిరుమలై శాసనం చెబుతుంది. శ్రీకాకుళం జిల్లాకు ఆనుకొని ఉన్న మహేంద్రగిరి మీద చోళుల పులి, జంట చేపల గుర్తులున్నాయి. ఒకడు ఉత్తరాన్నుంచి, మరొకడు దక్షిణాన్నుంచి వచ్చి జయించామని చెప్పుకొన్న నేల ఇది. ఆటలో ఆ ఇద్దరికీ నాగరికతలున్నాయి. నేలకు లేదు.

ఓడినవాడి పేరును ప్రస్తావించడం గెలిచినవాడి సాహిత్యానికి అలవాటు కాదన్న వాదన ఇక్కడ చెల్లదు. కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగాన్ని జయించిన ఘట్టం మీద జయంగొండార్ తమిళంలో ‘కలింగత్తుప్పరణి’ రాశాడు. పరణి అన్నది యుద్ధంలో వేయి ఏనుగులను కూల్చిన వీరుడి మీద చెప్పే ప్రబంధం. దానికి ఓడినవాడి పేరే పెడతారు. తమిళ లక్షణకారులు ఏనుగుల లెక్కతో కావ్యభేదాన్ని నిర్ణయించారు, పరాజితుడి పేరుతో కావ్యాన్ని పిలిచారు. తొమ్మిది శతాబ్దాల తరువాతి ఆట ఆ మర్యాద పాటించలేదు.

బంధుత్వాలు చూస్తే ద్రావిడ, తెలుగు, కళింగ గీతలు మరింత చెదిరిపోతాయి. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడికి రాజేంద్ర చోళుడు మేనమామ, ఆపై పిల్లనిచ్చిన మామ. ఆ రాజరాజనరేంద్రుడి కొడుకే కులోత్తుంగుడు. 1078లో పట్టాభిషిక్తుడైన కళింగ గంగరాజు అనంతవర్మ తల్లి చోళ రాకుమారి. అతని బిరుదు చోడగంగలో రెండు వంశాలూ ఉన్నాయి. ‘ద్రావిడుల’ కథానాయకుడి కూతురు తెలుగు మహాభారతం మొదలైన ఆస్థానంలో రాణి అన్న సంగతి ఆటలోని చరిత్ర పరిచయంలో ఒక్క వాక్యంగానైనా చేరి ఉంటే, తమిళం ఒక్కటే వినిపించడం అంతగా వెలితి అనిపించేది కాదు.

గంగరాజుల కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగమేనని శాసనాలు చదివి నిరూపించినవాడు గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను ఎక్కువగా తలచుకొంటారు గాని, ఒక ఊరికి పోయిన పేరును తిరిగి తెచ్చిన పని కూడా చిన్నది కాదు. శ్రీకూర్మం స్తంభాల నిండా గంగరాజుల నాటి తెలుగు శాసనాలున్నాయి. అదే వంశం పూరీలో జగన్నాథుడికి, కోణార్కలో సూర్యుడికి గుడులు కట్టించింది. శాసనంలో తెలుగు, ఆస్థానంలో సంస్కృతం, రాజధాని కటకానికి మారాక ఒడియా. ఇటువంటి రాజ్యాన్ని ద్రావిడులలో కలపాలా, బెంగాలీలలో కలపాలా అన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. భాషను బట్టి నాగరికతను నిర్ణయించే పద్ధతికే అది లొంగదు.

అంకెల తూకం, కథ తూకం

ఒక అభ్యంతరాన్ని ఇక్కడ పరిశీలించాలి. నాగరికతలు పెరిగేకొద్దీ తూకం కష్టమవుతుంది. 42 నాగరికతలు ఒకదానితో ఒకటి తలపడే జంటలు 861. ఒక్కటి చేర్చితే మరో 42 జంటలను పరీక్షించాలి. గజపతికి, కాకతీయుడికి, హోయసలుడికి వేరువేరు పీఠాలు కోరడం ఆట లక్షణం తెలియనివారి కోరిక అనవచ్చు. ఈ వాదనలో బలముంది. ఇద్దరు ఆటగాళ్ళు సమాన అవకాశంతో పోటీపడే చోట అంకెల తూకమే ధర్మం.

కాని ఈ ఆటలో రెండు ఆటలున్నాయి. ఒకటి పోటీ, మరొకటి దండయాత్ర కథ. రెండవదానిలో సమాన అవకాశం అవసరం లేదు, కొన్నిచోట్ల ఉండకూడదు. విజయనగరం జిల్లాలో పుట్టిన ప్రసిద్ధ వీరగాథ దీనికి తగిన ఉదాహరణ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీ ఫ్రెంచి ఫిరంగులకు, విజయనగర ప్రభువు విజయరామరాజు బలగాలకు ఎదురు నిలిచిన రంగారావు పక్షానికి గెలిచే అవకాశం లేదు. జంగాలు పాడిన బొబ్బిలి కథను నిలబెట్టింది ఆ తూకం లేకపోవడమే. కోట పడిపోయిన తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి అతనిని చంపడంతో కథకు దాని లెక్క కుదురుతుంది. యుద్ధం లెక్క మాత్రం మారదు. ఇరుపక్షాలకూ సమాన ఫిరంగులిచ్చి ఆ కథ చెప్పమంటే గాయకుడు నవ్వుతాడు.

అందువల్ల ఈ అనుబంధాన్ని రెండు కొలతలతో కొలవాలి. పోటీ ఆటగా దాని పని మెచ్చదగినది. ఏనుగును అలంకారం నుంచి అవసరంగా మార్చింది, నైట్లు లేని నాలుగు సైన్యాలకు నాలుగు వేరువేరు నడకలు ఇచ్చింది, మితిమీరిన చోట సవరించుకొంది. ద్రావిడుల మైదాన బలహీనత ఒక్కటే పెద్ద లోటు. కథగా మాత్రం ఇది గెలిచినవారి ప్రశస్తుల దగ్గరే ఆగిపోయింది. కొత్త నాగరికత అక్కరలేకుండానే, అంకెల తూకానికి ఏ ఇబ్బందీ కలగకుండానే, చోడగంగుడి పక్షాన ఒక దండయాత్ర కథ చేర్చే వీలు ఉంది. అందులో ఆటగాడు ముఖలింగం నుంచి బయలుదేరి, తల్లి వైపు బంధువులైన చోళులను ఒకవైపు, ఉత్తరాది రాజులను మరొకవైపు ఎదుర్కోవాలి. కవచగజాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తమిళం పలికే మనుషుల చేత ఆ కథ నడిపించవలసి రావడం మాత్రం కొరతగానే మిగులుతుంది.

ఓటమి కథలు ఆడేవారికి రుచించవన్న మాట కూడా ఈ ఆట విషయంలో నిలవదు. 1999 నాటి మూల కూర్పులోనే జోన్ ఆఫ్ ఆర్క్ కథ ఉంది. నాయిక శత్రువుల చేతికి చిక్కి దహనమైన తరువాత కూడా ఆమె సేనలు యుద్ధం కొనసాగిస్తాయి. ఆటతోపాటు సొంత ఘట్టాలు కూర్చుకొనే పరికరం కూడా నాటి నుంచే ఉంది. ఫిరంగి ఉంది, కోట ఉంది, గుడారం ఉంది. బొబ్బిలి ఆటగా కూర్చాలంటే తేలవలసింది ఒక్కటే. కోట ఏ ఘడియ దాకా నిలిస్తే గెలుపు అనాలో, ఆ గెలుపును రంగారావు పక్షాన లెక్కించాలో, పాపారాయుడి పక్షాన లెక్కించాలో ఆ కూర్పరి నిర్ణయించుకోవాలి.